మందుల చీటీ నుంచి మంచినీటి గొట్టం దాకా

నౌపడ పేరు వినగానే ఉప్పు మడులు, పర్లాకిమిడి వైపు చీలే రైలు మార్గం గుర్తుకు వస్తాయి. ఈ ఊరికి చేరువలోని టెక్కలిలో వైద్యసేవలు అందించిన డాక్టర్ కిల్లి కృపారాణి 2009లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని గెలుచుకుని, 2012లో కేంద్ర సహాయమంత్రి అయ్యారు. ఉత్తరాన పలాసలో వైద్యులైన డాక్టర్ సీదిరి అప్పలరాజు 2019లో శాసనసభ్యులై, మరుసటి ఏడాది రాష్ట్ర మంత్రి అయ్యారు. రోగి నాడి చూసిన చేయి ఓటు కోసం ఎందుకు చాచవలసి వస్తుంది?

ఈ ప్రశ్నకు తొలినాటి సమాధానం జర్మనీలో దొరుకుతుంది. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం ప్రబలినప్పుడు ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే యువవైద్యుని అక్కడికి పంపింది. ఆయన మందుల జాబితాతో సరిపెట్టలేదు. పేదరికం, నిరక్షరాస్యత, ప్రజలకు పాలనలో చోటు లేకపోవడం ఆ జ్వరానికి మూలాలని నివేదికలో తేల్చారు. 1859లో బెర్లిన్ నగరసభకు ఎన్నికై, 1902లో మరణించే వరకు సభ్యునిగా కొనసాగారు. నగరానికి మురుగుకాలువల వ్యవస్థ, మాంస తనిఖీ, ప్రజా ఆసుపత్రులు ఏర్పడడంలో ఆయన కృషి ఎన్నదగినది.

మన తెలుగునాట కూడా ఈ దారి కొత్తది కాదు. ప్రసూతి వైద్యురాలు కొమర్రాజు అచ్చమాంబ 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పులివెందులలో వైద్యం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీని ప్రారంభించారు.

మన జిల్లాలో ఈ ప్రశ్నకు అసలు పరీక్ష ఉద్దానం. కవిటి, సోంపేట తదితర మండలాలలో మధుమేహం, అధిక రక్తపోటు లేనివారి మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం నేటికీ నిర్ధారించలేదు. ఇటువంటి చోట ఒక వైద్యుడు తన గదిలో కూర్చుని చేయగలిగినది స్వల్పం. రోగిని గుర్తించగలడు, డయాలసిస్‌కు పంపగలడు. ఊరందరి తాగునీటిని మార్చలేడు. అది ప్రభుత్వ నిర్ణయం. వేర్వేరు ప్రభుత్వాల కాలంలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం చేపట్టారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

అయితే వైద్యుడు గెలిచినంత మాత్రాన ఊరు ఆరోగ్యవంతం కాదు. వైద్యుని ఎదుట రోగి ఒక్కడే ఉంటాడు. ప్రజాప్రతినిధి ఎదుట పార్టీ, కులం, గుత్తేదారు, తరువాతి ఎన్నిక నిలుస్తాయి. పైన చెప్పిన మన జిల్లా వైద్యులిద్దరూ తరువాతి ఎన్నికలలో ఓటమి చూశారు. హస్తవాసి ఓట్లను తేవచ్చు గాని, కాలువ తవ్వించేది పట్టుదల, నిధులు, నిరంతర పర్యవేక్షణ.

అందుచేత ఈ దారి శాసనసభతోనే మొదలుకానక్కరలేదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొన్న 29 అంశాలలో తాగునీరు, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. వార్డు సభ్యునిగా నిలిచే విశ్రాంత వైద్యుడు, గ్రామసభలో లేచి మాట్లాడే నర్సు, ఆశా కార్యకర్త చేయగల మేలు చిన్నది కాదు. పాఠకులారా! మీ ఊరి గ్రామసభకు వెళ్ళండి. తాగునీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఫలితమేమిటో అడగండి. ఆ ప్రశ్న వేయడానికి వైద్యపట్టా అవసరం లేదు.