మీ ఫోన్ మెమరీలో తప్పుల్ని ఎవరు దిద్దుతున్నారు?

మీ ఫోన్ గ్యాలరీలో అమ్మమ్మ ఫోటో ఒకటి ఉందనుకోండి. రెండేళ్ల కిందట తీసింది. ఈరోజు దాన్ని ఓపెన్ చేస్తే, ఫ్లాష్ చిప్ ఆ డేటాని అక్కడక్కడా తప్పులతోనే చదివే అవకాశం చాలా ఎక్కువ. 0 ఉండాల్సిన చోట 1, 1 ఉండాల్సిన చోట 0. అయినా ఫోటోలో మీకు ఏ తేడా కనిపించదు. మధ్యలో లెక్కలు కూర్చుని ఆ తప్పుల్ని దిద్దేస్తున్నాయి. తమాషా ఏంటంటే, ఫ్లాష్ పుట్టింది 1980ల్లో, దాన్ని కాపాడే లెక్కలు పుట్టింది 1950, 60ల్లో. ఈ ఎపిసోడ్ ఆ లెక్కల కథ.

ముందు ఫ్లాష్ సంగతి చూద్దాం. జపాన్‌లో తోషిబా ఇంజనీర్ ఫుజియో మసువొకా 1984లో ఫ్లాష్ మెమరీని ప్రపంచానికి చూపించారు. ఇప్పుడు మన ఫోన్లలో ఉండే న్యాండ్ రకం 1987లో వచ్చింది. ఒక్కో సెల్‌లో కొన్ని ఎలక్ట్రాన్లని బంధించి పెడతారు, ఆ ఛార్జే మన డేటా. సెల్‌ని బిందె అనుకోండి. మొదట్లో అడిగింది ఒకటే ప్రశ్న: నీళ్లున్నాయా, లేవా? అంటే సెల్‌కి 1 బిట్. తర్వాత చవగ్గా ఎక్కువ స్టోరేజ్ కావాలని అదే బిందెకి గీతలు గీశారు. 2 బిట్లకి 4 మట్టాలు, 3 బిట్లకి 8, 4 బిట్లకి 16. గీతలు దగ్గరయ్యేకొద్దీ ఏ మట్టమో పొరబడటం తేలిక. పైగా రాసి చెరిపిన ప్రతిసారీ బిందె కొంచెం అరుగుతుంది, నీళ్లు మెల్లగా కారతాయి. 1 బిట్ సెల్ సుమారు లక్షసార్లు రాసి చెరపడాన్ని తట్టుకునేది. 3 బిట్ల సెల్ తట్టుకునేది కొన్ని వేల సార్లే. అంటే మనం కొన్న చవకకి, పోయిన నమ్మకానికి మధ్య ఉన్న గొయ్యిని ఎవరో పూడ్చాలి.

మొదట పూడ్చింది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యామింగ్. 1947లో ఆయన లెక్కలు శనాదివారాల్లో రిలే మెషిన్ మీద నడిచేవి. చూసుకోవడానికి మనిషి ఉండడు. తప్పు కనబడగానే మెషిన్ ఆ పని వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోయేది. వరుసగా రెండు వారాలు అలాగే జరిగేసరికి ఆయనకి చిర్రెత్తింది. తప్పుందని కనిపెట్టగలిగే మెషిన్, ఎక్కడుందో కనిపెట్టి ఎందుకు దిద్దుకోలేదు? జవాబుని 1950లో అచ్చు వేశారు.

పద్ధతి మీరే కాగితం మీద చేసి చూడొచ్చు. ఒకదాన్నొకటి కోసుకునే మూడు వృత్తాలు గీయండి. అవి కలిసే చోట్లు నాలుగు వస్తాయి, అక్కడ 4 డేటా బిట్లు పెట్టండి. మిగిలిన మూడు చోట్ల 3 చెక్ బిట్లు, ప్రతి వృత్తంలో 1లు సరి సంఖ్యలో వచ్చేలా. ఇప్పుడు ఏదో ఒక బిట్ తిరగబడితే, అది ఉన్న వృత్తాల్లో మాత్రమే లెక్క బేసి అవుతుంది. ఏయే వృత్తాలు చెడ్డాయో చూస్తే దొంగ దొరికినట్టే. తొలినాళ్ల ఫ్లాష్‌కి ఇది సరిపోయింది. 512 బైట్లలో ఒక తప్పు దిద్దడానికి లెక్క ప్రకారం 13 చెక్ బిట్లు చాలు.

సెల్‌కి 2 బిట్లు అయ్యేసరికి ఒక్క తప్పుతో ఆగలేదు. అప్పుడు దిక్కయింది బీసీహెచ్ కోడ్. ఇందులో బీ మన రాజ్ చంద్ర బోస్, సీ ఆయన శిష్యుడు రే-చౌధురి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన బోస్, తర్వాత అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడే 1960లో వీళ్లిద్దరూ ఈ కోడ్ ప్రచురించారు. హెచ్ అంటే ఫ్రాన్స్‌కి చెందిన ఒకెంగెమ్, 1959లోనే విడిగా అదే కనిపెట్టారు. 512 బైట్లలో 8 తప్పులు దిద్దాలంటే బీసీహెచ్‌కి 104 బిట్లు, అంటే 13 బైట్లు చాలు. ఎంత పొదుపో చూడండి!

ఇక్కడ మన తెలుగువాళ్ల ముచ్చట కూడా ఒకటుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చదివి 1941లో కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు, బోస్‌తో కలిసి గణిత పత్రాలు రాశారు. ఆ దశాబ్దంలోనే ప్రయోగాల రూపకల్పన కోసం రావు ఆర్థోగొనల్ అరేలు కనిపెట్టారు. అవీ, తప్పులు దిద్దే కోడ్‌లూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ అని తర్వాత తేలింది.

3 బిట్ల సెల్ వచ్చాక బీసీహెచ్‌కీ ఊపిరాడలేదు. ఈసారి ఆదుకుంది ఎల్‌డీపీసీ. రాబర్ట్ గ్యాలగర్ 1960లో ఎంఐటీలో రాసిన డాక్టరేట్ థీసిస్ అది. అప్పటి కంప్యూటర్లకి మోయలేని బరువు కాబట్టి దాదాపుగా మర్చిపోయారు. 1990ల మధ్యలో డేవిడ్ మెకే, ర్యాడ్‌ఫర్డ్ నీల్ మళ్లీ వెలికితీశారు. ఇప్పుడు మీ 5జీ డేటాకి కూడా అదే కాపలా.

దీని బలం ఏంటంటే, "ఇది 1" అనే తీర్పుతో పాటు "ఎంత నమ్మకంగా 1" అన్నది కూడా వాడుకోగలదు. కానీ ఆ నమ్మకం తెలియాలంటే ఒకే పేజీని వేర్వేరు వోల్టేజ్‌ల దగ్గర మళ్లీ మళ్లీ చదవాలి. అంటే టైమ్ ఖర్చు. అందుకే కంట్రోలర్ మెట్లమెట్లుగా వెళ్తుంది. ముందు ఒక్కసారి చదివి త్వరగా దిద్దే ప్రయత్నం, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కాకపోతే గీతల్ని కాస్త జరిపి మళ్లీ చదువుతుంది. అప్పటికీ కుదరకపోతేనే పూర్తి బలగాన్ని దించుతుంది. తప్పులు పెరుగుతున్న బ్లాక్ కనిపిస్తే డేటాని వేరే చోటికి మారుస్తుంది. ఖరీదైన వైద్యం అవసరమైన రోగికే అన్నమాట.

ఇంత మంచి వ్యవస్థలో ఒక ప్రమాదం కూడా ఉంది. తప్పులు హద్దులోపల ఉన్నంతవరకూ మీకు ఏమీ తెలియదు, ఫోటో కొత్తదానిలా ఉంటుంది. హద్దు దాటిన రోజు మెల్లగా మసకబారదు, ఆ ముక్క ఒక్కసారిగా చదవడానికి రాదు. బీరువాలో ఏళ్లుగా స్విచ్ ఆఫ్‌లో పడున్న పాత ఫోన్‌లో కంట్రోలర్ నిద్రపోతుంటుంది, ఛార్జ్ మాత్రం కారుతూనే ఉంటుంది, వేడికి ఇంకాస్త త్వరగా. బోస్, గ్యాలగర్ మనకిచ్చింది గడువు మాత్రమే. అమ్మమ్మ ఫోటో ఆ పాత ఫోన్‌లోనే ఉంటే, ఈ వీకెండ్ దాన్ని బయటికి తీసి ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.