కట్టినవాళ్లు రాసిపెట్టినవి

శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలై, నల్లమల కడుపులోంచి దోర్నాల వైపు తేలే వెలిగొండ జంట సొరంగాలు ఒక్కోటీ 18 కిలోమీటర్లు దాటిన పొడవు. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. వాటిలోంచి వచ్చే కృష్ణ వరదనీరు చేరాల్సిన చోటు నల్లమల సాగర్. కొండల మధ్య సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు గండ్లను ఆనకట్టలతో మూసి ఆ జలాశయాన్ని తలపెట్టారు. ఎర్రగొండపాలెం కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలోను, రెండోది 2024 జనవరిలోను పూర్తయ్యాయి.

పాతికేళ్లు దాటిన ఈ కథలో రాజకీయం, నిధులు, ముంపు గ్రామాల బాధ గురించి తెలుగు పత్రికలు చాలా రాశాయి, రాయాలి కూడా. సొరంగం లోపలి గోడ గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యంత్రం తవ్వినంత మేరా ఆ గోడను లోపల పోతపోయలేదు. బయట యార్డులో అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, లోపలికి తీసుకెళ్లి ఒకదాని పక్కన ఒకటి బిగించిన కాంక్రీటు ముక్కలే ఆ గోడ. కార్మికులు వాటిని సెగ్మెంట్లంటారు, అన్నీ కలిసి వలయమైతే రింగు అంటారు. సెగ్మెంటు ఎంత మందం ఉండాలి, కొండ బరువు మీద పడితే ఏ అతుకు దగ్గర పగులుతుంది, వెనక సందులో ఏం నింపాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఒక్క మనిషి బుర్రలో పుట్టలేదు. కట్టినవాళ్లు, కూలినప్పుడు చూసినవాళ్లు రాసి అచ్చువేసిన కాగితాల్లోంచి వచ్చాయి. అలా రాసిపెట్టే అలవాటుకు ఈ ప్రాంతంలో చాలా పాత చరిత్రే ఉంది.

గిద్దలూరు నుంచి దక్షిణానికి పోతే కడప జిల్లాలో పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి అనంతరాజసాగరం చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, ఆ సంగతిని రాతిపలకల మీద తెలుగు లిపిలో, సంస్కృత భాషలో చెక్కించాడు. శాసనాల్లో సాధారణంగా దాత పొగడ్త, దానం వివరం, దాన్ని చెరిపినవాడికి శాపం ఉంటాయి. ఈ శాసనం వాటితో ఆగదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఏకరువు పెడుతుంది.

అంగాల్లో మొదటిది ధర్మబుద్ధి, సంపద ఉన్న రాజు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తర్వాత గట్టి బంకమట్టి నేల, దూరం నుంచి పారి వచ్చే తియ్యని నీటి నది, ఇరుపక్కలా ఆనుకునే కొండ, ఆ మధ్యలో మరీ పొడవు కాని దిట్టమైన రాతి కట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, సూటిగా పొడుగ్గా రాళ్లు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు. చివరిది, కట్టడంలో చేయి తిరిగిన పనివాళ్ల గుంపు. రాజుతో మొదలైన జాబితా పనివాళ్లతో ముగియడం గమనించదగ్గ విషయం. వాళ్లు లేకపోతే చెరువే లేదని రాసినవాడు ఒప్పుకున్నాడు.

దోషాలు ఇంకా పనికొచ్చేవి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, గర్భం మధ్యలో తాబేటి వీపులా మెరక, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. ఈ ఆరింటిలో మూడోది ఇంజనీరింగు దోషం కాదు, నీటి తగాదాల అనుభవం. రెండు రాష్ట్రాల మధ్య కృష్ణ నీటి పంపకం నలుగుతున్న ఈ కాలంలో చదివినా అది పాతబడినట్టు అనిపించదు. శాసనం లెక్కలు కూడా ఇచ్చింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు దండాల్లో కొలిచి చెప్పింది. ఇప్పటి ప్రాజెక్టు నివేదికలో అడిగే ముఖ్యమైన అంశాలు ఇందులో చాలావరకు ఉన్నాయి. పైగా దీన్ని కార్యాలయం బీరువాలో దాచలేదు, నలుగురూ తిరిగేచోట నిలబెట్టారు. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ఈ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించిన పండితుడు వి.ఎస్. సుక్తంకర్. తర్వాతి కాలంలో పుణెలో మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకుడైనది ఆయనే.

కంభం చెరువుకు ఇలాంటి రాత లేదు. గుండ్లకమ్మను కొండల మధ్య అడ్డుకున్న ఆ కట్టను వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. బ్రిటిషువారి గెజెటీరు దాని ఎత్తు 57 అడుగులని కొలిచి రాసింది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో కంభం, పోరుమామిళ్ల చెరువులు రెండింటినీ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తించింది. గౌరవం రెండింటికీ సమానంగానే దక్కింది, కానీ కంభం కట్టను ఎంతమంది, ఎన్నాళ్లు, ఏ పద్ధతిలో నిలబెట్టారో ఇవాళ ఆ కట్టను చూసి ఊహించుకోవాల్సిందే.

తర్వాతి రాతలు ఇంగ్లీషులో వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్ల దళం 1839 నుంచి తమ వృత్తి వ్యాసాలను సంపుటాలుగా అచ్చువేసింది. 1872లో భూగర్భ సర్వే సంస్థ మెమాయిర్ల ఎనిమిదో సంపుటంలో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల గురించి రాసిన గ్రంథం వెలువడింది. అప్పట్లో కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి, ప్రకాశం జిల్లా 1970లో గాని ఏర్పడలేదు. నల్లమల పొరలను కింగ్ వరుసపెట్టి, వాటికి ఇక్కడి ఊళ్ల, కొండల పేర్లే పెట్టాడు. కంభం పలకరాళ్లు, బైరెన్‌కొండ క్వార్ట్జైటు, శ్రీశైలం క్వార్ట్జైటు అనే పేర్లు భూగర్భ శాస్త్రంలో ఇప్పటికీ చెల్లుతున్నాయి. మార్కాపురం పలక ఈ కంభం పొరలోదే. ఒకచోట గోటితో గీసినా చారపడే మెత్తని పలకరాయి, మరోచోట ఉక్కు పళ్లను అరగదీసే క్వార్ట్జైటు, మధ్యమధ్య నలిగిపోయి నీరు పట్టిన పగుళ్లు. సొరంగం యంత్రానికి ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఉండదు.

ఇక గోడ కట్టే కాంక్రీటు కథకొస్తే, అది ఫ్రాన్సులో మలుపు తిరిగింది. యూజీన్ ఫ్రెస్సినే అనే ఇంజనీరు 1911లో లె వెర్ద్ర్ దగ్గర అల్లియే నది మీద సన్నని కాంక్రీటు కమానులతో వంతెన కట్టాడు. కొన్ని నెలలకే కమానులు నడిమికి కుంగసాగాయి. ఆయన రాత్రిపూట నమ్మకమైన కొద్దిమంది పనివాళ్లతో వెళ్లి, జాకీలు పెట్టి కమానులను పైకెత్తి వంతెనను కాపాడుకున్నాడు. బరువు కింద కాంక్రీటు ఏళ్ల తరబడి నెమ్మదిగా కుదించుకుపోతూనే ఉంటుందన్న సత్యం అలా ఆయనకు కళ్లకు కట్టింది. కాంక్రీటు నొక్కుడుకు తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. మరి ముందే దాన్ని నొక్కిపెట్టి ఉంచితే? లోపలి ఉక్కుతీగను బిగువుగా లాగి, కాంక్రీటు గట్టిపడ్డాక వదిలేస్తే, తీగ వెనక్కి పోజూస్తూ కాంక్రీటును అదిమిపెడుతుంది. బండిచక్రానికి వేడిమీద తొడిగిన ఇనుప పట్టా చల్లారి కర్రలను బిగించినట్టే. అయితే మామూలు ఇనుములో పెట్టిన కొద్దిపాటి బిగువును కాంక్రీటు కుదింపే మింగేస్తుంది. చాలా గట్టి ఉక్కును చాలా ఎక్కువగా లాగాలని ఫ్రెస్సినే తేల్చి 1928లో పేటెంటు తీసుకున్నాడు. అదే ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు.

పేటెంటు ఒక్కటే అయితే ఈ విద్య ఆయన కంపెనీ గడప దాటేది కాదు. బెల్జియంలో గుస్తావ్ మాన్యెల్, ఫ్రాన్సులో ఈవ్ గుయోన్, అమెరికాలో టి.వై. లిన్ పుస్తకాలు రాశారు. 1952లో అంతర్జాతీయ ప్రీస్ట్రెసింగ్ సమాఖ్య ఏర్పడింది. 1954లో అమెరికాలో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు ఇన్‌స్టిట్యూట్ పుట్టింది, 1956 నుంచి పత్రిక నడిపింది. ఈ సంస్థను నిలబెట్టినది స్తంభాలు, దూలాలు పోసి అమ్ముకునే కార్ఖానాలు. మార్కెట్లో ఒకరితో ఒకరు పోటీపడే వ్యాపారులు పరీక్షల ఫలితాలను మాత్రం ఒకేచోట అచ్చువేయడానికి ఒప్పుకున్నారు. ఒక్కరి దూలం విరిగినా జనం అందరి దూలాలనూ అనుమానిస్తారని వాళ్లకు తెలుసు. సాంకేతిక ప్రచురణ చరిత్రలో ఇంత తెలివైన ఒప్పందం అరుదు.

మన దేశంలో బొంబాయి నుంచి ఇండియన్ కాంక్రీట్ జర్నల్ 1927లోనే మొదలైంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934లో ఏర్పడి వ్యాసాలు, చర్చలు ప్రకటించసాగింది. 1954లో చెంగల్పట్టు దగ్గర పాలారు మీద దేశంలో తొలి ప్రీస్ట్రెస్డ్ రోడ్డు వంతెన వచ్చింది. ఈ పద్ధతికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1343 మొదటిసారి 1960లో వెలువడింది. కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు 1939లో బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు పొంది, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు లెక్కలు, పరీక్షల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. కాంక్రీటు శాస్త్రాన్ని అంత క్షుణ్ణంగా చదివిన ఆయన తరంలోనే నాగార్జునసాగర్ రాతికట్టడంగా లేచింది. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యాము నుంచి 1967లో నీళ్లు వదిలారు. సిమెంటు, యంత్రాలు కొరతగా, చేతులు పుష్కలంగా ఉన్న కాలానికి రాయే తగిందన్నది ఆనాటి లెక్క. పోరుమామిళ్ల శాసనంలోని పన్నెండో అంగానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం దొరకదు.

ఊళ్లకు ఈ కొత్త కాంక్రీటు పరిచయమైంది కరెంటు స్తంభంగా. పొలం గట్టున నిలబడ్డ 8 మీటర్ల సిమెంటు స్తంభం లోపల లాగి బిగించిన తీగలున్నాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా పోయే రైలు మార్గం మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజికి మారాక పట్టాల కింద పరిచిన స్లీపర్లూ ఆ జాతివే. పెద్ద కట్టడాల్లో రాజమహేంద్రవరం దగ్గరి గోదావరి ఆర్చి వంతెనను చెప్పుకోవాలి. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ 1997కల్లా పూర్తిచేసిన ఆ వంతెనకు 97.552 మీటర్ల ఖానాలు 28. రైలు నడిచే పెట్టె దూలం ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, పైనున్న జంట కమానుల నుంచి అది వేలాడుతుంది.

మళ్లీ సొరంగానికి. పైనంతా పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో బావులు దింపడానికి వీల్లేదు, అందుకే తవ్వే యంత్రాన్ని ఎంచుకున్నారు. డబుల్ షీల్డు రకం యంత్రంలో ముందు భాగం రాతిని తొలుస్తుంటే వెనక భాగం అదే సమయంలో రింగు బిగిస్తుంది. చివరన మేకులాంటి ఒక ముక్క దిగితే వలయం కుదురుతుంది. రింగుకూ రాతికీ నడుమ మిగిలిన సందులో బఠాణీ గింజంత కంకర ఊది, సిమెంటు పాలు (గ్రౌటు) ఎక్కిస్తారు. ఆ నింపుడు సరిగ్గా లేకపోతే రింగు ఒకవైపే బరువు మోసి అతుకు దగ్గర చిట్లుతుంది. గట్టి రాతిలో యంత్రం గోడలను పట్టుకుని ముందుకు తోసుకుంటుంది. నలిగిన రాతిలో ఆ పట్టు దొరకదు, అప్పుడే బిగించిన రింగులను తన్నుకుని సాగాలి. నల్లమలలో యంత్రాలు ఇరుక్కున్న రోజులు, మరమ్మతుల కోసం ఆగిన రోజులు తక్కువేమీ కాదు.

కృష్ణకు ఉత్తరాన, తెలంగాణ వైపు నల్లమలలోని శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలోనూ ఇదే రకం యంత్రం, ఇవే సెగ్మెంట్లు. 2025 ఫిబ్రవరి 22న అక్కడ నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడి ఎనిమిదిమంది చనిపోయారు. అక్కడి ప్రతి పగులూ, ప్రతి ఊట కొలతా బహిరంగ సాంకేతిక పత్రంగా అందరికీ దక్కాలి. కాంట్రాక్టరుకు, శాఖకు మధ్య వివాదాలు లేచే పనుల్లో తప్పు జరిగిన చోటు గురించి రాయడానికి ఇద్దరూ వెనకాడతారు. పూర్తయిన పని గొప్పతనం మీద వ్యాసాలొస్తాయి, ఇరుక్కున్న పని మీద రావడం కష్టం.

రాయడం సాధ్యమేనని చెప్పడానికి వేల్స్ ఉదాహరణ చాలు. 1985 డిసెంబరులో యినిస్-ఎ-గ్వాస్ అనే చిన్న వంతెన ఉన్నట్టుండి కూలింది. ముందే పోసిన ముక్కలను తీగలతో గుచ్చి కట్టిన వంతెన అది. అతుకుల దగ్గర నీరు దిగి తీగలు తుప్పుపట్టాయని పరిశోధనలో తేలింది. మరుసటి ఏడాది గోవాలో మాండోవి మీద 1970లో కట్టిన ప్రీస్ట్రెస్డ్ వంతెన కూడా తీగల తుప్పు వల్లే పడిపోయింది. బ్రిటిషు ప్రభుత్వం 1992లో గొట్టాల్లో తీగలు గుచ్చి బిగించే రకం కొత్త వంతెనలను ఆపేసింది. అక్కడి కాంక్రీట్ సొసైటీ లోపాలన్నిటినీ చర్చించి, తీగ గొట్టాలను ఎలా నింపాలో, ఎలా పరీక్షించాలో 47వ సాంకేతిక నివేదికగా 1996లో అచ్చువేశాకే నిషేధం సడలింది. అప్పుడు కూడా ముక్కల వంతెనలకు వెంటనే అనుమతి రాలేదు.

తెలుగులో ఇలాంటి రాతకు దారి వేయాల్సిన సంస్థలు ఉన్నాయి. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడింది, ఇప్పుడు ఎన్‌ఐటీ అయిన వరంగల్లు ఇంజనీరింగు కళాశాల 1959 నుంచి నడుస్తోంది. పరిశోధన మాత్రం ఇంగ్లీషు పత్రికల్లోనే వెలువడుతుంది. పోరుమామిళ్ల శాసనమూ సంస్కృతంలోనే ఉంది కదా అనవచ్చు. కానీ సెగ్మెంటు బిగించే కూలీకీ, గ్రౌటు పంపు దగ్గర నిలబడ్డ మేస్త్రీకీ, సంతకం పెట్టే అసిస్టెంటు ఇంజనీరుకీ మధ్య నడిచే మాట తెలుగో హిందీయో. ఎక్కడ ఊట మొదలైందో అందరికన్నా ముందు చూసేది వాళ్లు. రింగు నంబరు, ఆ చోట రాతి తీరు, ఎక్కించిన గ్రౌటు, కనబడిన చిట్లు, ఊరిన నీరు అనే ఐదు గడులతో రోజూ తెలుగులో నింపే రికార్డు ఉంటే, ఏడాదికోసారి దాన్ని శాఖ అచ్చువేస్తే, వెలిగొండ సొరంగాల నిర్వహణకూ, నల్లమలలో ఇకముందు తవ్వబోయే ప్రతి సొరంగానికీ అది కింగ్ గ్రంథం పక్కన పెట్టుకోవాల్సిన పుస్తకమవుతుంది.