సెటిల్‌మెంట్ రిజిస్టర్ నుంచి ఎంఎస్‌డబ్ల్యూ ఫారం దాకా



పోస్ట్ పొడుగైంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ ఈసారి పీజీకి అప్లై చేసేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

పోయిన వారం మా కోసిగి నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. మా ఎరుకలోళ్ల పిల్లే. డిగ్రీ చివరి సంవత్సరం. అమ్మానాయనలు వలస పోయినప్పుడల్లా సీజనల్ హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఎంఎస్‌డబ్ల్యూకి, అంటే సోషల్ వర్క్‌లో పీజీకి, అప్లై చేస్తా ఉంది. ఫారం అంతా నింపి ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. "మీరు సోషల్ వర్క్ ఎందుకు చదవాలనుకుంటున్నారు? ఐదు వందల పదాల్లో రాయండి." ఆమె రాసింది రెండే వాక్యాలు. "నాకు చిన్నప్పటి నుంచి సమాజ సేవ అంటే ఇష్టం. పేదలకు సహాయం చేయడమే నా ఆశయం." ఆ తర్వాత ఏం రాయాలన్నా అని అడిగింది.

"ముందు ఆ రెండూ కొట్టేయి తల్లీ" అన్నా.

ఆమెకు కోపమొచ్చింది. "అంటే మనం సేవ చేయకూడదా అన్నా?"

చేయొచ్చు. కానీ ఆ రెండు వాక్యాలు ఎవరైనా రాయొచ్చు. మనం మాత్రమే రాయగలిగింది వేరే ఉంది. నా సంగతి చెప్తా. నేను అప్లై చేసిన ఏడు ఒకచోట ఇంటర్వ్యూలో నా కులం చూసి ఒక పెద్దాయన నవ్వుతా అడిగినాడు: "మీవాళ్లు ఒకప్పుడు దొంగతనాలు చేసేవాళ్లంట కదా?" నేను తలొంచుకుని కూర్చున్నా. జవాబు లేక కాదు, జవాబు ఉందని తెలియక. సీటు రాలేదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదే ఇప్పుడు రాస్తున్నా.

రైలు వచ్చిన సంవత్సరం

మన కోసిగి స్టేషన్ మీదుగా పోయే రైలు మార్గం గురించి మొదలుపెడతా. మద్రాసు వైపు నుంచి వచ్చిన పట్టాలు, బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరు దగ్గర కలిసింది 1871లో. అప్పట్లో కోసిగి బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని కర్నూలు జిల్లాలోకి వచ్చింది.

రైలు రాకముందు ఊళ్లకు ఉప్పు ఎవరు తెచ్చేవాళ్లు? ఎరుకలోళ్లు, లంబాడీలు. ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా నుంచి ఉప్పు మోసుకొచ్చి లోపలి ఊళ్లలో అమ్మి, ఇక్కడి ధాన్యం అటు తీసుకుపోయేవాళ్లు. మనలో "ఉప్పు ఎరుకల" అనే పేరు ఇప్పటికీ ఉంది. ఊరికి ఉప్పు చేర్చినోళ్లు మనం. రైలు వచ్చినాక ఆ బరువంతా బోగీలకెక్కింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్ను ఉండనే ఉన్నాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిలో వెదురుకు, మేతకు అడ్డం పడింది. వ్యాపారం పోయింది, పశువులు పోయినాయి, బుట్టలల్లుకుందామంటే వెదురూ కష్టమైంది.

మధ్యలో ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా. బళ్ళారి జిల్లా బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనుల్లో కూలి ఎంతివ్వాలన్నది చూడడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. దాంతో మనిషి పని చేయలేడని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్య అధికారి కార్నిష్ వాదించినాడు. తర్వాత కూలి కొంచెం పెంచినారు. సాయం చేసేవాడు తూకం పట్టుకుంటే తీసుకునేవాడు ఎట్లా బతకాలన్న వాదన మన గడ్డ మీద అప్పుడే జరిగింది. సోషల్ వర్క్ క్లాసులో "రిలీఫ్", "వెల్ఫేర్" అని చదివినప్పుడు దీన్ని గుర్తు పెట్టుకోండి.

ఒకే మాట, రెండు అర్థాలు

రాయచూరులో పట్టాలు కలిసిన ఆ 1871లోనే ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చినారు. దాని కింద ఒక మనిషి ఏం చేసినాడన్నది లెక్క కాదు, ఏ తెగలో పుట్టినాడన్నదే లెక్క. నోటిఫై చేసిన తెగల్లో మన ఎరుకలోళ్లు ఉన్నారు. పేరు రిజిస్టర్లో రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటితే పాస్ కావాలి. తిరిగి వ్యాపారం చేసుకునే జాతికి తిరగడమే నేరమైంది.

ఆ తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చినాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1910లలో పుట్టింది. హెరాల్డ్ స్టువర్ట్ అనే ఇంగ్లీషు అధికారి పేరు పెట్టినారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. కావలిలో ఇంకో సెటిల్‌మెంట్‌ను అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నడిపినారు. రోజూ హాజరు, పాసులు, తల్లిదండ్రుల నుంచి వేరుగా ఉంచిన పిల్లలు. స్టువర్టుపురం వాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయేవాళ్లు. నడిపినవాళ్లు దీన్ని సంస్కరణ అన్నారు, సేవ అన్నారు. వాళ్లలో మనసున్నవాళ్లూ ఉండొచ్చు, బడులూ పెట్టినారు. కానీ ఆ సేవ వద్దనే హక్కు మాత్రం లోపలున్నవాళ్లకు లేదు.

ఇప్పుడు సముద్రం అవతలికి పోదాం, ఎందుకంటే మనం అప్లై చేసే చదువు అక్కడి నుంచే వచ్చింది. అక్కడ కూడా "సెటిల్‌మెంట్" అనే మాటే ఉంది. 1884లో లండన్‌లో టాయిన్‌బీ హాల్, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ పెట్టిన హల్ హౌస్. వీటిని సెటిల్‌మెంట్ హౌస్‌లు అన్నారు. చదువుకున్నవాళ్లు పేదల వాడకు పోయి, అక్కడే కాపురముండి, ఇరుగుపొరుగుగా పనిచేయడం దాని పద్ధతి. 1898లో న్యూయార్క్‌లో ఈ పనికి వేసవి క్లాసులు పెట్టినారు. సోషల్ వర్క్ చదువుగా మారడానికి అది మొదటి మెట్టు.

ఆ పద్ధతిని మన దేశానికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ. 1920లలో బొంబాయి నాగ్‌పాడా వాడలో నైబర్‌హుడ్ హౌస్ నడిపినాడు. ఆయన డైరెక్టరుగా 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. 1944లో అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మనం టిస్ అంటాం. ఈ దేశంలో సోషల్ వర్క్‌కు మొదటి కాలేజీ అదే.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1936లో బొంబాయిలో సెటిల్‌మెంట్ హౌస్ పద్ధతి పాఠమైంది. అదే 1936లో మన తాతలు ఇంకో రకం సెటిల్‌మెంట్‌లో హాజరు చెప్తా ఉన్నారు. ఒకచోట సెటిల్‌మెంట్ అంటే చదువుకున్నవాడు తనంతట తాను పోయి ఉండేది. ఇంకోచోట చదువులేనివాణ్ణి తీసుకొచ్చి ఉంచేది. మనం వచ్చింది ఆ రెండో దాంట్లో నుంచి. మొదటి దాంట్లో నుంచి పుట్టిన చదువుకు ఇప్పుడు అప్లై చేస్తున్నాం. ఐదు వందల పదాల్లో రాయాల్సింది ఇదే కదా.

రిజిస్టర్ పోయినాక

మద్రాసులో ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసినారు. దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం. రద్దు కోసం పనిచేసినవాళ్లలో మన తెలుగువాడు, నెల్లూరు వైపు యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఉన్నారు. 1956 ఉత్తర్వుతో ఆంధ్ర ప్రాంతంలో ఎరుకల, యానాది, సుగాలి ఎస్టీ జాబితాలోకి వచ్చినారు. మన చేతిలో ఉన్న కుల సర్టిఫికెట్ వెనక ఇంత ఉంది.

కానీ రిజిస్టర్ పూర్తిగా పోలేదు. ఈసారి వేరే కాగితంగా వచ్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 చూడండి. ఒక పిల్లవాడి మీద కేసు వస్తే బోర్డు ముందుకు తెస్తారు. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి. పిల్లవాడి ఇల్లు, బడి, పరిస్థితి చూసి పదిహేను రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ ఇవ్వాలి. ప్రొబేషన్ ఆఫీసర్ రాస్తాడు, లేకపోతే చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసరో సోషల్ వర్కరో రాస్తారు.

ఆ రిపోర్టులో "తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఉండరు, పర్యవేక్షణ లేదు, ఫలానా కులం" అని రాయొచ్చు. "తల్లిదండ్రులు మిరప కోతకు గుంటూరు వైపు వలస పోయినారు, పిల్లవాడు అవ్వ దగ్గర ఉంటాడు, బడికి పోతాడు" అని కూడా రాయొచ్చు. రెండూ ఒకే ఇంటి గురించే. ఏది రాస్తే ఆ పిల్లవాడికి ఏమవుతుందో మీరే ఆలోచించండి. మొదటిది రాసినవాళ్లు చెడ్డవాళ్లే కానక్కర్లేదు. సంక్రాంతి పోయినాక మన వాడ ఎట్లా ఖాళీ అవుతుందో చూడనివాళ్లు, అంతే. మన పిల్లలు ఈ చదువుకు పోవాలని నేను అంటున్నది ఇందుకే. ఆ రిపోర్టు రాసే కలం మన చేతికి కూడా రావాలి.

కలం వచ్చినంత మాత్రాన మనం కూడా ఆఫీసు భాషే రాయమని గ్యారంటీ లేదు. రెండేళ్లు చదివి, మన వాడకే పోయి, మన అవ్వను "బెనిఫిషియరీ" అని రాసేవాళ్లను చూసినా. నేనూ ఒకసారి రాసినా. అది కూడా గుర్తుండాలి.

ఇక ఫారం సంగతి

ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్ల కోర్సు. ఏ డిగ్రీ చేసినా అప్లై చేయొచ్చు. క్లాసులతో పాటు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ రాయాలి, అది 2021 నుంచి ఉంది. మనకు దగ్గర అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, ఆడపిల్లలకు తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉన్నాయి. టిస్‌కు 2023 నుంచి సీయూఈటీ పీజీ ద్వారా పోవాలి. ఎస్టీకి కేంద్ర సంస్థల్లో 7.5 శాతం, మన రాష్ట్రంలో 6 శాతం సీట్లు. మన కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏజెన్సీ కాదు కాబట్టి ఐటీడీఏ ఎవరో ఒకరు చూసుకుంటారని అనుకోవద్దు. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ ఇప్పుడే సచివాలయంలో పెట్టుకోండి.

డబ్బు సంగతి చేరకముందే రాతపూర్వకంగా అడగండి. ప్రైవేటు పీజీ కాలేజీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదని 2020 డిసెంబరులో జీవో 77 వచ్చినప్పుడు ఎంతమంది సగంలో ఇబ్బంది పడినారో ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. 2018 ఫిబ్రవరిలో టిస్ నాలుగు క్యాంపస్‌ల విద్యార్థులు సమ్మె చేసింది కూడా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద వచ్చే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఫీజు మినహాయింపు తీసేసినారనే. కాబట్టి ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్ మూడూ విడివిడిగా అడగండి. ఆ ఏడాది ఏ రూలు ఉందో ఆ కాగితమే మనకు ఆధారం.

మా చెల్లెలి సంగతితో ముగిస్తా. వాళ్లింట్లో పేచీ ఫారం గురించి కాదు, సంక్రాంతి తర్వాత ప్రయాణం గురించి. మిరప కోతకు ఇంకో చెయ్యి ఉంటే అప్పు కొంచెం తీరుతుందని వాళ్లమ్మ. తప్పేం కాదు. చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చినారు. ఆమె కూడా గుంటూరు పోతుంది, పుస్తకాలు మూటలో పెట్టుకుని. సీయూఈటీ సెంటరు కర్నూలు పెట్టకుండా గుంటూరు పెట్టుకుంది. చేను నుంచే పరీక్షకు పోయొస్తుందంట.

నిన్న రాత్రి ఆ గడిలో కొత్తగా రాసింది పంపింది. సేవ అనే మాట లేదు. వాళ్లవ్వ బుట్టల మూట తలకెత్తుకుని ఎమ్మిగనూరు సంతకు పోయేటప్పుడు దోవలో ఎవరెవరు ఆపి ఏమేమి అడిగేవాళ్లో రాసింది. మూడొందల పదాలైంది. ఇంకా రెండొందలు రాయాలి.

గుంటూరు, నరసరావుపేట వైపు మన గ్రూపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పరీక్షకు ముందు రోజు రాత్రి ఆ పిల్ల ఉండడానికి ఒక ఇల్లు కావాలి. మిగతావాళ్లు మీ ఇంట్లో అవ్వాతాతలను ఉప్పు, పాసు, హాజరు గురించి అడిగి ఇక్కడ కామెంట్లో రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.