కోలా గింజ నుంచి కెఫీన్ పిప్పరమెంటు దాకా

నిద్రను ఆపుకోవడానికి కెఫీన్ కలిపిన ఘాటు పిప్పరమెంటు బిళ్ళను చప్పరించడం అమెరికాలో 1990ల చివర వ్యాపారంగా స్థిరపడింది. అలవాటు మాత్రం అంతకంటే చాలా పాతది. కెఫీన్ ఉన్న గింజను బుగ్గన పెట్టుకుని, రసం మింగుతూ ఆకలినీ అలసటనూ వాయిదా వేయడం పశ్చిమ ఆఫ్రికా ప్రజలకు శతాబ్దాలుగా తెలుసు. ఆ గింజ పేరు కోలా.

కోలా చెట్టు కోకో చెట్టుకు దగ్గరి చుట్టం. పశ్చిమ ఆఫ్రికా వానల అడవుల్లో పెరుగుతుంది. ఎండిన గింజ బరువులో సుమారు 2 శాతం కెఫీన్ ఉంటుంది. కొరికితే ముందు వగరు, వెంటనే చేదు. ఆ తరువాత మంచినీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. ఉసిరికాయ తిన్నవారికి ఈ తమాషా కొత్త కాదు. నైజీరియాలోని ఇగ్బో ఇళ్లలో అతిథి రాగానే ముందుగా అందించేది కోలానే. పెద్దవాడు దాన్ని చేతిలో ఉంచుకుని ప్రార్థన చేశాక విరిచి పంచుతారు. తెలుగు ఇళ్లలో తాంబూలానికి ఉన్న గౌరవం దానికి అక్కడ ఉంది. చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల చదివినవారికి ఈ మర్యాద పరిచయమే.

కోలా పండేది దక్షిణాన అడవుల్లో, గిరాకీ ఉన్నది ఉత్తరాన మెట్టభూముల్లో. అక్కడి ముస్లిం సమాజాల్లో మద్యం నిషిద్ధం కావడంతో కోలాకు విలువ మరింత పెరిగింది. 19వ శతాబ్దంలో హౌసా వర్తకులు అసాంతే రాజ్యపు సరుకును నేటి ఘనాలోని సలగా సంతలో కొని, గాడిదల బిడారులతో ఉత్తర నైజీరియాలోని కానో వరకు తీసుకెళ్లేవారు. పచ్చిగా ఉన్న గింజకే ధర. ఎండితే విలువ పడిపోతుంది, మరీ తడిస్తే కుళ్లుతుంది. అందుకని గంపల్లో వెడల్పాటి పచ్చి ఆకులు పరిచి గింజలు సర్దేవారు. దారిలో గంపలు విప్పి, పుచ్చినవి ఏరిపారేసి, ఆకులు మార్చి మళ్లీ కట్టేవారు. తమలపాకుల వ్యాపారులు బుట్టలను కాపాడుకునే తీరుకు ఇది ఎంతో దగ్గర. కోలా వర్తకంలో అసలు నేర్పు బేరంలో కంటే ఈ కాపలాలోనే ఉండేదనిపిస్తుంది.

ఐరోపాలో కథ ప్రయోగశాలలో మొదలైంది. కవి గోథే ఇచ్చిన కాఫీ గింజల నుంచి 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగే కెఫీన్‌ను వేరుచేశాడు. అప్పటికి ఆయన వయసు 25. 1895లో మరో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ దాన్ని కృత్రిమంగా తయారుచేసి చూపాడు. గింజతో పని లేకుండా దాని సారాన్ని మాత్రమే తూచి బిళ్ళగా అచ్చుపోసే దారి ఇలా ఏర్పడింది.

ఆ అచ్చుపోసే విద్యలో ఆరితేరిన సంస్థ, 1880లో లండన్‌లో ఇద్దరు అమెరికన్లు స్థాపించిన బరోస్ వెల్‌కమ్. తన మాత్రల కోసం 1884లో ‘టాబ్లాయిడ్’ అనే పేరును నమోదు చేసుకుంది. చిన్న పత్రికలను ఆ మాటతో పిలవడం తరువాత వచ్చింది. కోలా గింజ, కోకా ఆకుల సారాలు కలిపి ఆ సంస్థ ‘ఫోర్స్‌డ్ మార్చ్’ అనే బిళ్ళను అమ్మింది. దాన్ని మింగకూడదు, గంటకొకటి చొప్పున నోట్లో కరిగించుకోవాలి. కోకా ఆకు సారంలో ఉండేది కొకైన్. దక్షిణ ధ్రువం చేరాలని బయలుదేరిన ఎర్నెస్ట్ షాకిల్టన్ బృందం 1909 జనవరి 9న 88 డిగ్రీల 23 నిమిషాల దక్షిణ అక్షాంశం చేరి వెనుదిరిగింది. తిండి అడుగంటిన ఆ తిరుగు ప్రయాణంలో డాక్టర్ ఎరిక్ మార్షల్ తోటివారికి ఇచ్చినవి ఈ బిళ్ళలే. అవి కడుపు నింపలేదు, ఆకలి తెలియకుండా చేశాయి. ఈ రెంటికీ ఉన్న తేడాను మరవడం వల్లనే ఇలాంటి సరుకుకు లేని శక్తిని అంటగడతారు.

జర్మనీ చాక్లెట్ దారి పట్టింది. బెర్లిన్‌లోని హిల్డెబ్రాంట్ సంస్థ తయారుచేసిన ‘షో-కా-కోలా’ 1936 ఒలింపిక్స్ నాటికి క్రీడాకారుల చాక్లెట్‌గా పేరు తెచ్చుకుంది. చాక్లెట్, కాఫీ, కోలాలకు ఉన్న జర్మన్ మాటలను కలిపి పేరు కట్టారు. గుండ్రని రేకు డబ్బాలో 100 గ్రాముల చాక్లెట్ 16 ముక్కలుగా ఉంటుంది. మొత్తం మీద సుమారు 200 మిల్లీగ్రాముల కెఫీన్. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన చోదకులకు ఇవ్వడంతో దానికి వైమానికుల చాక్లెట్ అన్న పేరు వచ్చింది. ఇదే యుద్ధంలో జర్మన్ సైనికులు వాడిన పెర్విటిన్ వేరు, అది మెథాంఫెటమిన్ మాత్ర. రెంటినీ ఒకటిగా చెప్పడం తప్పు.

ఇక పిప్పరమెంటు. లండన్‌లో 18వ శతాబ్దం చివర పుట్టిన ఆల్టాయిడ్స్ వంటి ఘాటు బిళ్ళల్లో కెఫీన్ లేదు. సియాటిల్‌లోని ఒక చిన్న సంస్థ 1990ల చివర తెచ్చిన పెంగ్విన్ పిప్పరమెంటులో బిళ్ళకు సుమారు 7 మిల్లీగ్రాములు కలిపారు. ఈ జోడింపులో గమనించవలసిన సంగతి ఒకటుంది. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ నోటిలో చలిని పసిగట్టే నరాలను తాకుతుంది. నోరు నిజంగా చల్లబడదు, చల్లబడినట్టు మెదడుకు కబురు మాత్రం వెళుతుంది. ఆ మెలకువ క్షణాల్లో వస్తుంది. కెఫీన్ రక్తంలో కలిసి, నిద్రమత్తు కలిగించే అడెనోసిన్‌కు అడ్డుపడడానికి పావుగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. బిళ్ళ వేసుకోగానే కలిగే హుషారు చలువదే తప్ప కెఫీన్‌ది కాదు. పైగా కోలా నమిలేవాడికి చేదే కొలత. చాలు అని నోరే చెప్పేది. చక్కెరా మెంథాలూ ఆ చేదును కప్పేశాక, ఎంత పుచ్చుకున్నదీ డబ్బా మీది అంకె చూస్తేనే తెలుస్తుంది.

అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ చూయింగ్ గమ్‌పై పనిచేసింది. ఒక్కో బిళ్ళలో 100 మిల్లీగ్రాములున్న ఆ గమ్‌పై 2002లో ఫలితాలు వెలువడ్డాయి. గమ్ నమిలినవారి రక్తంలో కెఫీన్ 44 నుంచి 80 నిమిషాల్లో గరిష్ఠ స్థాయికి చేరింది. గొట్టం మాత్ర మింగినవారికి 84 నుంచి 120 నిమిషాలు పట్టింది. నోటిలోని పలుచని పొర ద్వారా కెఫీన్ కొంత నేరుగా రక్తంలోకి చేరడం ఇందుకు కారణం. బుగ్గన పెట్టుకోవడంలో ఉన్న సుళువు ఇలా అంకెల్లోకి ఎక్కింది.

2013 ఏప్రిల్‌లో రిగ్లీ సంస్థ బిళ్ళకు 40 మిల్లీగ్రాముల కెఫీన్‌తో గమ్‌ను మామూలు దుకాణాల్లోకి తెచ్చింది. పిల్లల చేతికి సులువుగా అందే తినుబండారాల్లో కెఫీన్ కలపడంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ విచారణ ప్రకటించింది. మే నెలలో రిగ్లీ ఉత్పత్తిని, అమ్మకాలను ఆపేసింది. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒక్కసారికి 200, రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాముల వరకు కెఫీన్‌తో ముప్పు లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. ఆ లెక్కన సైన్యపు గమ్ రెండు బిళ్ళలతో, రిగ్లీ గమ్ అయిదు బిళ్ళలతో ఒక్కసారి హద్దు నిండుతుంది.