వంత అందని దూరం: అంతర్జాల సహప్రదర్శనలు – పాలమూరు కథాగానం

ప్రదర్శన కళల్లో అంతర్జాతీయ సహకారం అనగానే మనవాళ్లు ఒకటే పాట పాడుతున్నారు. అంతర్జాలం ఉంటే వీసా అక్కర్లేదట, విమానం అక్కర్లేదట, పల్లె కళాకారుడు ఇంటి అరుగు మీద కూర్చునే ప్రపంచంతో గొంతు కలపొచ్చట. పాలమూరు ప్రాంతంలోని వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బుడగజంగాల కథ విన్నవారికి ఈ మాట మింగుడుపడదు. కథకుడు చరణం పూర్తిగా వదలకముందే వంతలు, అంటే వంతపాట పాడేవారు, అందుకుంటారు. కథకు ఊపిరి ఆ అందుకోవడమే. ఆ వంతల్లో ఒకరు తెరలోంచి పాడితే ఏమవుతుందని అడిగినవారు అరుదు.

దూరం అడ్డు కాదన్న ఈ ధీమాకు సిద్ధాంత బలం ప్రదర్శన సిద్ధాంతకారుడు ఫిలిప్ ఆస్‌లాండర్ దగ్గర దొరుకుతుంది. ప్రదర్శన బతికేది వర్తమానంలోనేనని పెగ్గీ ఫెలన్ 1993లో అన్నారు. 1999 నాటి ‘లైవ్‌నెస్’లో ఆస్‌లాండర్ దాన్ని ఖండించారు. ప్రత్యక్షానికీ మాధ్యమానికీ మౌలిక భేదం లేదనీ, రికార్డింగు వచ్చాకే ‘ప్రత్యక్షం’ అనే భావన పుట్టిందనీ ఆయన వాదన. అందుకు ఆయన ఎంచుకున్న సాక్ష్యం రంగస్థలం, రాక్ సంగీతం, న్యాయస్థానం. చూసేవాడికి ఎలా అనిపిస్తుందన్నదే అక్కడ ప్రధాన విచారణ. పాడేవాడికి పక్కవాడి గొంతు ఎప్పుడు చేరుతుందన్నది ఆయనకు పట్టలేదు. పాలమూరులో ఒక్క కథ విని ఉంటే ఆ పుస్తకం వేరేలా ఉండేది.

లెక్క చూద్దాం. ఇద్దరు కలిసి లయ నడపాలంటే ఒకరి ధ్వని మరొకరికి సుమారు 25–30 మిల్లీసెకన్లలో అందాలి. అది దాటితే నడక కుంటుపడుతుంది, ఒకరి కోసం ఒకరు ఆగుతూ కాలం జారిపోతుంది. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా కొలిచినా 13 వేల కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంటే ఏ అడ్డూ లేకున్నా ధ్వని అటు చేరడానికి కనీసం 65 మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో అంతసేపట్లో శబ్దం ఇరవై రెండు మీటర్లు పోతుంది. డక్కి వాద్యం పట్టిన వంతను కథకుడికి అంత దూరంలో నిలబెట్టి పాడమంటే ఏ బృందమైనా లేచిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన జాక్‌ట్రిప్, ఇటలీలోని త్రియెస్తె సంగీత కళాశాల తయారుచేసిన లోలా అనే వ్యవస్థలు యంత్రాల వల్ల వచ్చే ఆలస్యాన్ని బాగా తగ్గించాయి. కాంతి వేగాన్ని మాత్రం ఏ యంత్రమూ పెంచలేదు. మామూలు వీడియో కాల్‌లో ఇంకో చిక్కుంది. ఎడతెగని తంబుర శ్రుతిని యాప్ రొదగా లెక్కగట్టి తొక్కేస్తుంది, ఇద్దరు ఒకేసారి పాడితే ఒకరి గొంతునే పైకి తెస్తుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ మీట ఉంది గాని, అది వంతను దగ్గరికి తేలేదు.

ఆలస్యం అడ్డురాని కళలూ ఉన్నాయి. అవధానం సంగతే చూడండి. కరోనా కాలంలో అవధానాలు జూమ్ ఎక్కాయి, విదేశాల నుంచి పృచ్ఛకులు కూర్చున్నారు, పద్యం ఎక్కడా తెగలేదు. ఎందుకంటే అది వంతుల కళ. ఒకరు అడుగుతారు, మరొకరు ఆలోచించి చెబుతారు. అప్రస్తుత ప్రసంగి చెణుకు ఒక క్షణం ఆలస్యమైతే పదును తగ్గుతుందేమో గాని సభ ఆగదు. 2016లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడిని ఆన్‌లైన్‌లో నేర్పగలగడమూ ఇందుకే. గురువు చూపాక శిష్యురాలు చేస్తుంది. బుడగజంగాల కథ గొంతు మీద గొంతు పడే జమిలి కళ, దానికి వంతులు పనికిరావు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో లోకమంతా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది నా వాదానికి ఎదురు సాక్ష్యమని కొందరు అనవచ్చు. కానీ ప్రయాణం చేసింది ఒక్కడి గొంతు, ఒక్క వాద్యం, అదీ రికార్డయి. దాన్ని సహకారం అనలేం.

ఏ కళకు లోపల చోటు, దేనికి బయట అన్న ప్రశ్న కొత్తది కాదు; గద్వాల, వనపర్తి సంస్థానాలు గుర్తొచ్చేది ఇక్కడే. తిరుపతి వెంకట కవుల వంటివారు ఆ దర్బారుల్లో అవధానాలు చేసి సన్మానాలు పొందారు. పాలమూరు జానపద వీరుడు పండుగుల సాయన్న కథ పాడినవారు ఊరి బయటే ఉన్నారు. 1949లో జాగీర్ల రద్దుతో దర్బారులు పోయినా వాటి ఎంపిక పోలేదు. అవధానాన్నీ శాస్త్రీయ నృత్య శిక్షణనూ అంతర్జాలం లోపలికి పిలుస్తోంది, జమిలి పాటను గడప దగ్గరే ఆపుతోంది. మన కళల తారతమ్యాన్ని ఇకమీదట నిర్ణయించేది ఈ మిల్లీసెకన్లేనని నా నిశ్చితాభిప్రాయం.

కళా మార్పిడికి నిధులిచ్చే సంస్థలు ముందు బృందాన్ని విడగొట్టడం మానాలి. కథకుడినీ వంతలనూ వనపర్తిలో ఒకే గదిలో కూర్చోబెట్టాలి. ఇక్కడివారు ఒక ఘట్టం మొత్తం పాడి ఆపాక, తర్వాతి ఘట్టం అవతలి దేశపు బృందం తన పద్ధతిలో అందుకోవాలి. అప్పుడు ఆలస్యం చరణం నడుమ పడదు, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పడుతుంది. అక్కడ కథకుడు ఎటూ మంచినీళ్లు తాగడానికి ఆగుతాడు.