అట్టల నుంచి తీగల దాకా

నేను ఎనిమిదో తరగతి దాకానే చదివిన. కాని ఇక్కడ సోలాపూర్ల సొసైటీ సెక్రటరీగా ఏండ్ల తరబడి లెక్కలు రాసిన. ఒక బల్ల మీది లెక్క ఇంకో బల్లకు ఎట్ల పోతదో, దాని చరిత్ర నాలుగు మాటలు చెప్తున్న.

కంప్యూటరు మనకు పరాయిది కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో మగ్గం నడిపిండు. చిల్లు ఉంటే పడుగు పోగు లేస్తది, లేకుంటే లేవదు. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా చిల్లుల అట్టలతోనే హొలరిత్ మిషన్ల మీద తీసిండ్రు.

అయితే ఏ మిషన్ లెక్క దానిదే. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాల దూరదూరంగా ఉన్న రెండు కంప్యూటర్లు మొదటిసారి మాట్లాడుకున్నయి. ‘లాగిన్’ అని పంపబోతే రెండక్షరాలు పోయి మిషన్ ఆగిపోయింది. 1971లో రే టామ్లిన్‌సన్ ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు ఉత్తరం పంపిండు. అదే ఈమెయిల్.

ఆఫీసులకు పనికొచ్చింది 1973 నాటి ఆలోచన. జిరాక్స్ కంపెనీల రాబర్ట్ మెట్‌కాఫ్ ‘ఈథర్నెట్’ అని రాసిపెట్టిండు. కంప్యూటర్లన్నీ ఒకే కేబులుకు కట్టాలె. సమాచారం ముక్కలుగా పోతది, ప్రతి ముక్క మీద చిరునామా ఉంటది. ఇద్దరు ఒకేసారి పంపితే ముక్కలు గుద్దుకుంటయి. అప్పుడు ఇద్దరూ ఆగి, వేర్వేరు సేపు ఓపిక పట్టి మళ్ల పంపాలె. ఒకే సందులో రెండు నాడెలు ఎదురైతే మనం చేసేదీ అదే కద!

తర్వాత ఖాతాలన్నీ ఒక పెద్ద మిషన్ల పెట్టి, మిగతావన్నీ దాంట్లోంచి చూసే పద్ధతి వచ్చింది. ఒకరు ఒక ఖాతా దిద్దుతుంటే రెండోవారు ఆగాలె. మన దేశంల 1995 ఆగస్టు 15 నుంచి ఇంటర్నెట్టు అందరికీ దొరికింది.

ఇక మా సంగతి. మా దగ్గర నూలు లెక్క ఒక కంప్యూటర్ల, కూలి లెక్క ఇంకోదాంట్ల ఉండె. రెంటికీ జోడింపు లేదు. ఒక దీపావళి ముందు పాత కాపీ చూసి కూలి కట్టినం. కొందరికి తక్కువ పడ్డది. ఒక పెద్దమ్మ చీటీల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. “మిషన్ మరిచినా నా చీటీ మరువలేదు బిడ్డా” అన్నది. సంతకం నాది, తప్పూ నాదే. ఆ రాత్రే లెక్క సరిచేసి, పొద్దుగాల ఇంటింటికి పోయి పైకం ఇచ్చి వచ్చినం.

ఆ తర్వాతనే రెండు మిషన్లను కేబులుతో కలిపి ఒకే ఖాతా పెట్టినం. ఇప్పుడు నూలు ఇచ్చిన గడియలోనే కూలి బల్ల మీద కనబడ్తది. కాని ఒక్క మాట యాదిల పెట్టుకోండ్రి. తీగ నిజాన్ని ఎంత తొందరగ మోస్తదో, తప్పునూ అంతే తొందరగ మోస్తది. అందుకే నేతగానికి తన ఖాతా చూసే హక్కు ఉండాలె, చేతిల చీటీ కూడా ఉండాలె. మన పిల్లలు ఎంత కొత్త మిషన్ తెచ్చినా ఈ రెండూ విడవొద్దని నా మనవి.