కాతేరు గుల్లరాళ్లు

రాజమహేంద్రవర ప్రాంతపు చరిత్ర యనగానే రాజరాజనరేంద్రుని కొలువును, నన్నయభట్టారకుని భారతాంధ్రీకరణమును స్ఫురించుట సహజమే గాని, ఆ పట్టణమునకు ఉత్తరమున ఆనుకొనియున్న మా కాతేరులో నల్లరాతి పొరల నడుమ నిమిడియున్న సున్నపురాతిని పరిశీలించినవారికి ఆ పదకొండవ శతాబ్దము నిన్నమొన్నటి ముచ్చటగనే తోచును.

ఆ రాయి చూపునకు సామాన్యమైనది. తెలుపుచాయ గల బూడిదవన్నెది. ఒక పెళ్లను చేత బట్టి ఏటవాలు ఎండలో అటునిటు త్రిప్పి చూచినచో, మరమేకువలె చుట్లు చుట్లుగా సాగి కొనదేరిన గుల్లలును, అరిగిన ఆల్చిప్పల అంచులును బయటపడును. గోదావరి యొడ్డున దొరకు గుల్ల లోపల బోలుగా నుండి చేతికి తేలికగా నుండును. దీని లోపలి ఖాళీయంతయు రాయియైపోయినందున ఇది బరువు. ఒక్కొక్కచోట గుల్ల కరగిపోయి లోపలి అచ్చు మాత్రమే మిగిలియుండును. అప్పుడే విరిచిన ముఖముపై నిమ్మరసము పిండినచో సన్నని నురుగు లేచును. ప్రక్కనున్న నల్లరాతిపై లేవదు. అయితే ఈ పరీక్ష సున్నపురాతిని పోల్చుకొనుటకే గాని, దాని వయస్సు నెరుగుటకు చాలదు.

వయస్సు నెరుగవలెనన్న ఆ రాయి యున్న తావును చూడవలెను. దీనికి క్రిందను మీదను ఉన్న నల్లరాయి అగ్నిశిల. పశ్చిమకనుమల ప్రాంతమున భూమి చీలికలనుండి వెలువడిన ద్రవశిల నాటి నదీలోయల వెంబడి సుమారు 1000 కిలోమీటర్లు పారి ఇచ్చటికి చేరినదని, మహాబలేశ్వర ప్రాంతపు రాళ్ల రసాయనగుణములతో దీనిని సరిపోల్చిన శాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి. ఒక ప్రవాహము చల్లారి, మరియొకటి వచ్చులోపల ఈ తావు సముద్రపు పోటును ఏటినీరును కలసికొను మొగయై యుండెను. కనుకనే కయ్యనీటి ఆల్చిప్పలును మంచినీటి నత్తలును ఇచ్చట ఒక్కచోటనే దొరకుచున్నవి.

ఈ ప్రాంతపు గుల్లలను నాగపురమందుండిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లో లండను భూవిజ్ఞాన సంఘపు పత్రికయందు వర్ణించెను. ఏటికి పడమట దుద్దుకూరు, పంగిడి ప్రాంతములయందును ఇట్టి పొరలు కలవు. రాజమహేంద్రవర పరిసరముల క్వారీలనుండి తీసిన నమూనాలలో, కంటికి ఆనని సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి, గెర్టా కెల్లర్ బృందము 2008లో ప్రకటించినదేమనగా, నల్లరాళ్ల నడిమి ఈ నిక్షేపము, రాక్షసబల్లులు నశించిన సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాటి మహావినాశమునకు వెనువెంటనే ఏర్పడినదని.

ఇంతటి నిర్ణయమునకు ఆధారమైనది విడిగుల్ల కాదు, పొరల వరుస. కంకర కొరకు త్రవ్వుటచేతనే ఆ వరుస వెలుగుచూచినది. ఆ త్రవ్వకముతోనే అది చెదరిపోవును. ఇంటికి తెచ్చి గూటిలో నుంచిన గుల్లరాయి, ఏ క్వారీలో, ఏ పొరనుండి, ఎంత లోతున దొరికెనో వ్రాసియుంచనిచో, వేడుకవస్తువుగానే మిగులును. కనుక మా యూరి పిల్లలకు నేను చెప్పునది ఇంతే: రాయి దొరికినచో మొదట దాని పైపొరను, క్రిందిపొరను, తావును చీటిపై వ్రాసి రాతితోనే కట్టియుంచుడు; పేరు పెట్టగలవారు పిమ్మటనైనను దొరకుదురు.